గుండ్రటి మూల

ఒలవర్రియాలో జూలై చలి.
పంపా మైదానపు గాలి రేకుల షెడ్డు మీద
గుప్పెళ్లతో దుమ్ము విసిరిపోతోంది.
నెలీదా ఇతుర్రాల్దే బల్ల మీద మూడు క్రాంక్‌షాఫ్టులు,
నా జేబులో తొమ్మిది పెయ్యల్ని అమ్మిన డబ్బు.

మొదటిది అద్దం.
పెట్టె మీద బంగారు అక్షరాలు, నిప్పు కక్కే గద్ద.
ఆరు సిలిండర్ల ఇంజనుది కదా,
నా ముఖం ఆరుసార్లు కనబడింది, ఆరుసార్లూ వంకరగా.
"చూసుకోవడం అయిందా?" అంది నెలీదా.

ధర అడగలేదు. అటక మీంచి
నా పాతదాన్ని దింపింది, రెండు ముక్కలు.
"అసూల్ మట్టి ట్రాక్‌లో, తొమ్మిదో ల్యాపులో విరిగింది" అన్నాను.
"కాదు."
విరిగిన ముఖం మీద టార్చి వేసింది.
"ఈ నున్నటి మేర చూడు, ఆల్చిప్ప మీద గీతల్లా.
ఈ గీత ఒక ఆదివారం. ఇది ఇంకో ఆదివారం.
అంచున ఈ గరుకు పెచ్చు ఉంది చూశావూ,
అదొక్కటే నీ తొమ్మిదో ల్యాపు.
నువ్వు కప్పు ఎత్తి ఫొటో దిగిన రోజు కూడా
ఇది విరుగుతూనే ఉంది."

గాలి కాసేపు ఆగింది. లేక నాకే వినబడలేదేమో.

"కళ్లు మూసుకో" అంది.
జర్నల్ వెళ్లి చెంపను తాకే చోట
నా బొటనవేలు పెట్టించింది.
అద్దం లాంటి దాని మీద జారుతూ జారుతూ
గోరు ఒకచోట తట్టుకుంది,
వెంట్రుకవాసి.
"మూల దొరికితే చాలు, పగులు కాపురం పెడుతుంది.
పైన పటారం."
మిగతా సగం సామెత అనకుండా పెట్టె మూసేసింది.

రెండోదాన్ని గొలుసుకు వేలాడదీసి చెక్క సుత్తితో కొట్టింది.
బస్తా కింద పడ్డట్టు ఒక్క చప్పుడు, అంతే.
దాని ఒంటి మీద సన్నటి అతుకు గీత: పోత ఇనుము.
"పెళ్లిళ్లకి తిప్పే కారుకి బంగారం. నీకు వద్దు."

మూడోది మసి రంగు.
నూనె కాగితం విప్పితే చేతిరాత చీటీ,
ఒక్కో జర్నల్ కొలత, కింద ఎవరిదో పొట్టి సంతకం.
సుత్తి తగిలింది.
మోగుతూనే ఉంది, నేను ఊపిరి తీసుకుని, వదిలి,
మళ్లీ తీసుకునేదాకా.
నూనె రంధ్రాల అంచులు గులకరాయిలా అరిగి ఉన్నాయి.
మూలలో వేలు ఎక్కడా ఆగలేదు,
వంపు తిరిగి తనంతట తనే పైకెక్కింది.

అయినా ఆమె మైక్రోమీటరు తీసింది.
పది మైక్రాన్లు తక్కువ.
"చీటీ అబద్ధమా?" అన్నాను.
"మైక్రోమీటరు పొయ్యి పక్క గూట్లోది.
షాఫ్టు రాత్రంతా నీ ట్రక్కులో చలికి వణికింది.
ఇద్దరినీ ఒక రాత్రి ఒకే గదిలో పడుకోనీ, రేపు అడుగుదాం."
మర్నాడు అడిగితే
ఇద్దరూ ఒకే మాట చెప్పారు.

పదకొండు పెయ్యల ధర. రెండు తగ్గాయి.
ఆమె పైసా తగ్గించలేదు.
"రంగు వేయకు. కొత్త సీటు కొనకు. సైలెన్సరు పాతదే ఉండనీ.
అన్నిటి దగ్గరా బేరం ఆడు,
దీని దగ్గర ఆడకు."

సెప్టెంబరులో పుట్టీ మచ్చల బూడిద కారు చూసి
గోడెక్కిన పిల్లలు నవ్వారు.
ఆరువేల ఎనిమిది వందల దగ్గర సూది,
అడుగున ఏమీ వినబడలేదు.
వినబడకపోవడానికే పదకొండు పెయ్యలు.

గెలవలేదు. నాలుగో స్థానం.
ఇంటికొస్తే ఒదీలా కాఫీ ఇచ్చింది.
తాగకుండా కూర్చున్నాను చాలాసేపు,
కప్పు పిడి వచ్చి కప్పును కలిసే చోట
బొటనవేలు తిప్పుతూ.
ఎవరో మట్టి తడిగా ఉన్నప్పుడే
ఆ మూలను గుండ్రంగా నొక్కారు.