పొట్టు

ఆ ఏడు కూడేరు చేలో గింజ పట్టలేదు.
శెనక్కాయ వలిస్తే లోపల గాలి.
ఒక గోతం పొట్టు బస్సెక్కించుకుని
అనంతపురం ల్యాబుకు తెచ్చినాను.

మూసలో మూతేసి కాల్చి,
నాలుగు చుక్కల నూనెతో నూరి,
గాజుగొట్టం మూతిలో కూరి
వెనక రాగితీగ గుచ్చినాను.
కాగితం మీద మొన రుద్ది రుద్ది
అద్దమయిందాకా ఆగలేదు.
మెస్సులో నా పళ్లెం అంచుకు నల్లటి వేలిముద్రలు.
మాబున్ని నవ్వింది: "బట్టీలో పనికి కుదిరినావా?"

గిన్నెలో డోపమైన్. చూస్తే ఉత్త నీళ్లే.
తెరమీద గీత నేలబారుగా నడిచి, నడిచి
సున్నా పాయింట్ రెండు వోల్టుల కాడ
చిన్న గుట్టలా లేచింది.
కరెంటు పోకముందే ఫోటో తీసుకున్నా.

"మన పొట్టు పలికింది నాయనా" అన్నా ఫోన్లో.
కాసేపు ఏమీ అనలేదు. వెనక మేక అరుస్తోంది.
"ఎంత పలికింది, కిలో?"