గోరు ఆగిన చోట

హెడ్డు విప్పాక ముందు గేజీ తీసుకోను.
చూపుడువేలి గోరు
సిలిండరు పెదవి దగ్గర ఆనించి
మెల్లగా కిందికి జారుస్తాను.
మూడోదాంట్లో ఆగింది.

పైరింగు వెనుదిరిగే చోట చిన్న మెట్టు.
ఎన్నేళ్ళుగానో పిస్టను అక్కడిదాకా వచ్చి
తిరిగిపోతూ వదిలిన ఒడ్డు.

గేజీ ఆ తర్వాత చెప్పింది:
మిల్లీమీటరులో వందో వంతులు పైన ఎనిమిది,
అడుగున రెండు.
అంటే ఇది కొద్దిగా గరాటు,
మరికొద్దిగా కోడిగుడ్డు.
వెంట్రుకవాసి అంటారే, సరిగ్గా అంత.
ఆ వెంట్రుకవాసి సందులోంచే
నెలకి నాలుగు లీటర్ల ఆయిలు
నీలిపొగై అస్మారా తాటిచెట్ల మీదికి ఎక్కుతోంది.

జిగెరెదా గుమ్మంలో నిలబడి ఉంది,
మోచేతుల దాకా ఇంకా పిండి.
తెల్లవారుజామున నాలుగింటికి రొట్టెలెత్తుకుని
పొగమంచులో దెకెమ్‌హారె దిగే ఫియట్ ఇది.
వెనకసీటు పీకించి గంపలు పెట్టింది.
"హోనింగా, రీబోరా?" అంది,
తూకంరాయి మీద కన్నేసిన మనిషిలా.

హోనింగంటే
మూడు రాళ్ళ కాళ్ళతో ఓ పనిముట్టు
లోపల తిరుగుతూ ఎక్కుతూ దిగుతూ
గోడమీద అడ్డగీతలు గీయడం.
అద్దంలా మెరిసే గోడమీద ఆయిలు నిలవదమ్మా,
గీతలుంటేనే పట్టు.
రింగులు కొత్తవి, పిస్టన్లు పాతవే.
గుడ్డు గుడ్డుగానే ఉంటుంది,
ఒళ్ళు తోముకుని.

రీబోరు, ఇక్కడి నోళ్ళలో రెత్తీఫికా,
ఇటలీవాళ్ళు వదిలివెళ్ళిన మాట, యంత్రం కూడా.
అదిగో మూలన, పచ్చరంగు పెచ్చులూడుతూ.
గుడ్డుని మళ్ళీ గుండ్రం చేస్తుంది.
తప్పు మూడోదానిదే అయినా
నాలుగింటినీ ఒకేలా కోస్తుంది.
పెద్ద పిస్టన్లు జెడ్డా నుంచి
ఎవరి సూట్‌కేసులోనో రావాలి.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకంటారు.
గోటితో పోతుందా అన్నదే
ముప్పైయేడేళ్ళుగా నా బతుకుతెరువు.

బ్లాకు అంచున మడ్డి తుడుస్తుంటే
బయటపడ్డాయి, పంచ్‌తో కొట్టిన చుక్కలు. మూడు.
నాకు పని నేర్పిన ఓక్బాజ్గి చెయ్యి అది,
ఎడమచేతివాటం, చుక్కకి తోక ఉంటుంది.
ఒక్కో చుక్కా ఒక్కో కోత.
మూడో చుక్క పక్కన
కావాలనే కొంత చోటు వదిలాడు.
నాలుగో చుక్కకి. ఐదోదానికి కాదు.
ఆపైన గోడ ఉండదు.

"హోనింగైతే ఎన్నాళ్ళు?"
"నాలుగేళ్ళు. పొగ తగ్గుతుంది, పోదు."
"రీబోరైతే?"
"పాతికేళ్ళు లాగుతుంది. అదే చివరిది."
వేళ్ళమీద ఏదో లెక్కేసుకుంది,
పిండి రాలింది బ్లాకు మీద.
"నా పొయ్యికే నాలుగేళ్ళ భరోసా లేదు,
దీనికి పాతికేళ్ళు కొనిపెట్టి
నేనెక్కడ దాచుకోను?
ఆ చివరిదేదో ఉండనీ.
కావలసినవాడు చేయించుకుంటాడు."

నేనింకా వాదించాలనుకున్నాను.
రీబోరులో నాకూ నాలుగు నోట్లు ఎక్కువ మరి.
కాఫీ పొంగింది, ఆ వంకన లేచాను.

ముందు ఆ మెట్టు కోసేశాను.
పాత ఒడ్డుకి కొత్త రింగు తగిలితే విరుగుతుంది.
తర్వాత రాళ్ళు, కిరోసిను, ఆ గరగర,
పైకీ కిందికీ, నా ఊపిరి లెక్కన.
సబ్బునీళ్ళతో కడిగాను,
తెల్లగుడ్డ తెల్లగానే బయటికొచ్చేదాకా.

చుక్కేమీ కొట్టలేదు. హోనింగుకి చుక్క ఉండదు.
మూడోదాంట్లో గోరు జార్చాను.
ఎక్కడా ఆగలేదు.
మళ్ళీ జార్చాను,
ఆగుతుందేమోనని.