రెండు మిల్లీలీటర్లు

పీణ్యా రెండో స్టేజీలో
లేత్ మిషన్ల మోత మీద పై అంతస్తు మా ల్యాబు.
కింద ఇనుము అరుస్తుంటే
పైన బ్యూరెట్‌లో మట్టం వణికేది.
భోజనాలకి వాళ్ల మోటార్లు ఆగాకే
నేను టైట్రేషన్‌కి కూర్చునేదాన్ని.
ఇరవై రెండేళ్లు, అన్నం రెండున్నరకే.

కాలువ నీళ్లు సీసాల్లో వచ్చేవి,
మూత మీద తేదీ,
ఏ మోరీ దగ్గర పట్టారో ఆ గుర్తు.
ఇరవై మిల్లీలీటర్లు తీసి
డైక్రోమేటు పోసి, చిటికెడు పాదరసం ఉప్పు వేసి
గంధకామ్లం గోడ వెంట జార్చి
రెండు గంటలు మరగబెట్టాలి.
కిటికీ తెరిచినా ఆవిరి అటు పోదు,
మా వైపే వచ్చేది
పాలకి అలవాటైన పిల్లిలా.

చీర మీద పడ్డ చుక్క ఆ పూట కనిపించదు.
ఉతికి దండెం మీద ఆరేస్తే
ఎండ అందులోంచి తొంగి చూస్తుంది.
"ఎలకలకి నీ చీరలే రుచేమే" అనేది మా అత్త.

శివనంజప్ప అటెండరు.
రబ్బరు బల్బులు బీరువాలో తాళంలో ఉండేవి,
పోతే జీతంలో కోత.
ఆయన పిపెట్‌ని నోటితోనే పీల్చేవాడు,
మట్టం ఎక్కడ ఆగాలో నాలుకకే తెలుస్తుందని.
ఒకరోజు గీత దాటింది.
ఆ తర్వాత ఆయన క్యారేజీలో సారు
ఉప్పుకషాయమైనా, చప్పగా ఉన్నా
"చెన్నాగిదె" ఒక్కటే మాట.

ఇదీ చెప్పాలి. ఎవరూ అడగలేదు గానీ.
మరిగిన మిగులు, ఆకుపచ్చగా, పాదరసంతో సహా
మొదటి పదకొండేళ్లు సింకులోనే పోశాం
కుళాయి పెద్దగా తిప్పి.
సింకు గొట్టం మోరీలోకి, మోరీ కాలువలోకి.
ఆ కాలువే సోమవారం సీసాలో వచ్చి కూర్చునేది
ఎంత మురికయ్యానో చెప్పమని.

ఆషాఢమని ఓనరు నసిగినా
లారీ వాడు ఆగలేదు, పెట్టెలు దిగాయి.
పైకి జరిపే గాజు తలుపు, నెత్తిన ఫ్యానుతో ఒక అల్మరా.
వేలెడేసి సీసాల్ని కోడిలా పొదిగే దిమ్మ.
రంగు చూసి అంకె చెప్పే కన్ను.
మందులన్నీ ముందే కొలిచి మూతేసి ఉన్నాయి.
మనం వేసేది నీళ్లే,
రెండు మిల్లీలీటర్లు.

బిగించడానికొచ్చిన ఇంజనీరు ఫిర్దౌస్
టిష్యూ కాగితం చీల్చి
తలుపు అంచున పట్టుకుంది.
కాగితం లోపలికి వాలింది,
ఎవరో పిలిచినట్టు.
రిటైరైన శివనంజప్ప చూడ్డానికొచ్చి
ఆ చీలికని తనూ పట్టుకున్నాడు.
చాలాసేపు.
"నేను పీల్చిందంతా ఇక నువ్వు పీల్చుకో"
అల్మరాతోనే అన్నాడు, కన్నడంలో.

ఒకే సీసా నీళ్లు. పాత పద్ధతిలో నేను, కొత్తదాంట్లో ఆ పిల్ల.
పచ్చనీలం ఒక్క చుక్కకి
ఇటుకరంగు తిరిగే మలుపు దగ్గర
ఊపిరి బిగబట్టాను, ఆఖరిసారి.
నాది ఆరువందల పదహారు.
దానిది ఆరువందల పన్నెండు.
"మీ చెయ్యి భలే నికార్సు మేడం" అంది.
ఇరవై రెండేళ్లకి సర్టిఫికెట్టు,
నాలుగు తేడాతో.

వాడిన సీసాలు ఇప్పుడు మూతలతోనే
పసుపు డబ్బాలోకి పోతాయి.
సంతకం పెట్టి తీసుకెళ్లే బండి శుక్రవారం వస్తుంది.
లేత్‌లు ఎంత అరిచినా అంకె వణకదు.
ఒంటిగంటకే తింటున్నాను,
అన్నం ఇంకా వెచ్చగానే ఉంటోంది.

నిన్న బూడిదరంగు చీరని
ఎండకెత్తి చూశాను, అంచు నుంచి అంచు దాకా.
ఎండకి దారి దొరక్క
నేత మీదే నిలబడిపోయింది.

పొద్దున మళ్లీ కాలువ సీసా.
అదే మోరీ గుర్తు.
ఆరువందల నలభై.
ఎవరికీ ఏమీ కాలేదు, ఈ గదిలో.
రిజిస్టర్లో రాసి
ఇంకో మూత తిప్పాను.