మిల్లు గులాబీ, బొబ్బిలి గులాబీ

నెల్లిమర్లలో మా మేడ మీద
పదకొండు గులాబీలు. ఒక్కటీ కుండీలో లేదు.
రంగు డబ్బాల్లో, నూనె టిన్నుల్లో,
పగిలిన వాష్‌బేసిన్‌లో ఒకటి.
అడుగున చిల్లులు మేకుతో నేనే కొట్టాను.

కొత్తరకాలు కొనను.
ఒకసారి కొన్నాను, కడియం నుంచి వచ్చిన బండి మీద.
పొడుగు కాడ, పాలిష్ పెట్టినట్టు ఎరుపు.
వాసన చూస్తే
పెళ్లిపందిట్లో ప్లాస్టిక్ దండకి ముక్కు ఆనించినట్టే.
రెండో వేసవికి అంటు చచ్చి
కింది మొద్దులోంచి ఊరూ పేరూ లేని కొమ్మ లేచింది.
తెల్లగా, అయిదే రేకులు.
దాన్ని మాత్రం ఉంచేసుకున్నాను.

మిల్లులో టైంకీపరు చేసిన మా ఆయన
సగం రాసి వదిలేసిన హాజరుపట్టీ ఉంది.
మనుషుల పేర్లుండాల్సిన గడుల్లో ఇప్పుడు మొక్కలు:
ముల్లు వంకరా నిటారా,
రెబ్బకి అయిదాకులా ఏడా,
పుష్యంలో ఎన్ని రేకులు, చైత్రంలో ఎన్ని,
వాసన ఎన్ని గంటలదాకా.
పన్నీరు గులాబీ ఎనిమిదింటికే సెలవు పెట్టేస్తుంది.
ముద్ద గులాబీ వానొస్తే మొగ్గలోనే కుళ్లి, జీతం కోత.
తీగ గులాబీ ఏడాదికొక్కసారే డ్యూటీకొస్తుంది.
వచ్చిన పదిహేను రోజులూ ఓవర్‌టైమే.

అసలు పోటీ రెండిటికే.
మిల్లు గులాబీ నాది. మేనేజరు బంగళా కూల్చినప్పుడు
తోటమాలి సూరప్పడు తడిపిన గోనెముక్కలో చుట్టి తెచ్చిన కొమ్మ.
బొబ్బిలి గులాబీ పక్కింటి దాలమ్మది.
కన్నవారింటి నుంచి తెచ్చిందట, పాసింజరు రైల్లో, చీర చెంగులో.
పంతొమ్మిదేళ్లుగా
వాసన మాదానికెక్కువని ఆవిడ,
రేకులు మాదానికెక్కువని నేను.
ఆవిడ చేపలు కడిగిన నీళ్లు పోస్తే
నేను వేరుసెనగ చెక్క నానబెట్టాను.
నా పూలు లెక్కపెట్టడానికి ఆవిడ గోడ మీదికి వంగేది,
ఆవిడ పూలు లెక్కపెట్టడానికి నేను బట్టలారేసేదాన్ని,
ఉతకని బట్టలు కూడా.

ఈ పుష్యంలో మోకాళ్లు పట్టేసి
మెట్లెక్కలేక, మనవడి చేత
తన డబ్బాని మా మేడ మీదికి పంపించింది.
"నీదాని పక్కనెట్టి సూసుకో" అని కబురు.

పెట్టాను.
చంపావతి మీంచి వచ్చిన మంచు ఇంకా విడలేదు.
చెరో పువ్వూ విప్పి పళ్లెంలో లెక్కపెట్టాను.
నలభై ఒకటి. నలభై మూడు.
ముల్లు అదే వంపు.
మొగ్గ తొడుగు నలిపితే వేలికి అదే జిగురు,
అదే మిరియం ఘాటు.
కళ్లు మూసుకుని, పిల్లాడి చేత
మార్చి మార్చి ముక్కు దగ్గర పెట్టించుకున్నాను.
ఏడుసార్లలో నాలుగుసార్లు తప్పు చెప్పాను.
వాడు నవ్వాడు. నేను నవ్వలేదు.

పట్టీలో ఆ రెండు గడుల మధ్య గీతని
చెరపాలా వద్దా అని
రబ్బరు పట్టుకుని కూచున్నాను.
అడుగుదామంటే సూరప్పడు లేడు.

సాయంత్రం డబ్బా తిరిగివ్వడానికి నేనే వెళ్లాను.
"ఏటి తేలింది?"
"నీదే గెలిచింది. రెండు రేకులెక్కువ."
దాలమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు.
"గెలవదేటి మరి? దొంగతనం కొమ్మకి బలం జాస్తీ.
నువ్వు పెళ్లికని సాలూరెల్లిన వారం
గోడ మీంచి ఇరిసీసినాను."
"మరి బొబ్బిలి?"
"బొబ్బిలేటి, బూడిదేటి.
అడిగుంటే ఇచ్చుందువేటి?"

ఇచ్చేదాన్ని కాదు.
అది నిజమే.

ఇంటికొచ్చి పట్టీ తెరిచాను.
గీత చెరపలేదు.
బొబ్బిలి గులాబీ: నలభై మూడు, వాసన పదిన్నర దాకా.
మిల్లు గులాబీ: నలభై ఒకటి.
రేపటి నుంచి చెక్కనీళ్లు
ఇంకో గ్లాసు ఎక్కువ పొయ్యాలి.