వాలు

ఆదివారం ఆరున్నర.
మెట్రో స్తంభం నూట పన్నెండు దగ్గర పదకొండు మందిమి.
మనిషికి ఆరు వందలు, టీతో సహా.
'లోయలో నడక' అని మెసేజీ చూసినప్పుడు
బెంగళూరులో లోయేమిటని నవ్వాను.
ఫ్లైఓవర్ దిగడమే మాకు తెలిసిన దిగుడు.

పిళ్ళప్ప వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి.
రబ్బరు చెప్పులు, చంకలో గొడుగు.
మా ట్రెక్కింగ్ బూట్లను చూసి ఏమీ అనలేదు.
వాళ్ళ తాత నీరుగంటి, నాయన నీరుగంటి,
ఏ మడికి ఎన్ని గడియలు పారాలో
తూము దగ్గర కూర్చుని తీర్పు చెప్పినవాళ్ళు.
ఆయన మాత్రం ముప్పై ఏళ్ళు బట్టల మిల్లులో వాచ్‌మన్.

టీ తాగి, అడుగున మిగిలిన చుక్కల్ని
రోడ్డు మీద ఒంపి, వంగి చూశాడు.
అవి కాసేపు తటపటాయించి
ఒక స్కూటర్ చక్రాన్ని చుట్టి
తూర్పుకు కదిలాయి.
"రండి మా, దాని యెనకాలే."

పరుపుల కొట్టు. మగపిల్లల పీజీ. ట్రాన్స్‌ఫార్మర్.
మొబైల్ షాపు ముందు ఆగి
"ఈడ మోకాలిలోతు" అన్నాడు.
మాలో ఒకాయన తెలియకుండానే ప్యాంటు పైకి లాక్కున్నాడు.
ఏటీఎం ముందు ఇంకాస్త ఎక్కువసేపు ఆగాడు.
"మా అక్క బర్రెను కడగతా ఈడే జారిపడింది.
బర్రె మాత్రం గట్టెక్కి వచ్చేసింది."
అందరం ఏటీఎం వైపు చూశాం.
లోపల ఏసీ చల్లగా గొణుగుతోంది.

ఆ తర్వాత కాలువ.
నురగ, నురగ మీద ఒక బంతి, ముక్కులకు రుమాళ్ళు.
"దీని పేరేంటి తాతా?"
"పేరెందుకమ్మా, ఉండింది ఒకతే కదా.
'ఆయమ్మ నిండుగా వస్తాంది' అంటే
ఊరంతటికీ తెలిసేది."

హిమజ పోయిన వేసవి ఇటలీలో ఇట్లాగే నడిచిందట,
నాలుగు రోజులు, ఒక పాతకాలపు లోయలో.
గొర్రెలు తొక్కి చేసిన బాటలు, మలుపు మలుపుకీ బోర్డులు,
రాజులందరూ పోయినా ట్రాక్టర్లను మోస్తున్న రాతి వంతెన,
ఎవరో ముసలమ్మ కొంగులోంచి తీసిచ్చిన అంజూర పళ్ళు.
కొంగు కాదు, ఏప్రన్ అని దిద్దుకుంది.
పిళ్ళప్ప చివరిదాకా విన్నాడు.
"ఆడ నీళ్ళు యా దిక్కుకు పోతాయమ్మా?"
ఆమె ఫోను తీసి వెయ్యి ఫొటోలు వెనక్కి జరిపింది,
వంతెనను రెండు వేళ్ళతో పెద్దది చేసింది.
"గమనించలేదు తాతా."
"సముద్రానికేలే, యాడైనా అంతే"
అన్నాడు, అదేదో తన పొరపాటైనట్టు.

ఎండెక్కింది. ఒక ప్రహరీ అడ్డం వచ్చింది.
ఆ గోడ నాకు తెలుసు.
దాని మీద కాగితంపూల తీగ తెలుసు.
గేటు దగ్గర లఖీందర్ నాకు సెల్యూట్ కొట్టాడు.
'వ్యాలీ క్రెస్ట్' అని ఇత్తడి అక్షరాలు.
ఏడేళ్ళుగా ప్రతి కాగితం మీదా ఆ పేరు రాసి
కింద సంతకం పెడుతున్నాను.

ర్యాంపు దిగాం. మొదటి అంతస్తు చీకటి, రెండో అంతస్తు చీకటి.
నలభై ఏడో నంబరు, నా కారు పక్కన
గొడుగు పక్కన పెట్టి కూర్చున్నాడు.
గోడ అవతల మోటారు, ఎప్పటిలాగే.
ఆ మోటారు కరెంటు బిల్లు మీద
కమిటీ మీటింగులో లేచి అరిచింది నేనే:
ఇది లీకేజీ, బిల్డర్ మోసం, కేసు వేద్దాం.
పిళ్ళప్ప అరచెయ్యి నేలకు ఆనించాడు,
జ్వరం చూసినట్టు.
"లీకు కాదు మా. ఊట.
రేయంతా తోడతా ఉండారా దీన్ని?"
ఉన్నామన్నాను.
"పాపం" అన్నాడు.
ఎవరినో అడగలేదు.

వాళ్ళు వెళ్ళిపోయాక
సీసాలో మిగిలిన నీళ్ళు గచ్చు మీద పోశాను.
లఖీందర్ పరుగెత్తుకొచ్చాడు:
"మేడమ్, నీళ్ళు ఒలికిపోయాయి, మాప్ తెమ్మంటారా?"
ఉండు, అన్నాను.
కాస్త పక్కకు జరుగు.
అది నీ కాలికి అడ్డుపడి ఆగింది.