అప్ అంటే పైకే కాదు

రువైస్‌ల పొద్దుగాల నాలుగున్నరకే మీటింగు.
ఫోర్‌మన్ రోడెల్ ఇంగ్లీషు గుమ్మరిస్తడు,
మేం తలలూపుతం.

మొదట్ల
అప్ అంటే పైకి అనుకున్న.
స్కఫోల్డింగోణ్ణి, నా బువ్వంత పైన్నే గదా.
'హరీ అప్' అన్నడు, నిచ్చెనెక్కిన.
'షటప్' అన్నడు,
ఇంకో రెండు మెట్లెక్కిన.

'యువర్ లీవ్, పుట్ ఆఫ్' అన్నడు ఆఫీసుల క్లర్కు.
లైటు ఆర్పుడు ఎరుకే,
లీవును ఎట్ల ఆర్పుతరు?
కొన్న సబ్బులు, టైగర్ బాము, చిన్నదాని బూట్లు
పెట్టె అడుగున రెండు ఎండకాలాలు పండుకున్నంక
తెలిసింది.
అదిగూడ ఆర్పుడే.

మా రూంల రాజలింగు మెస్సు కూపన్ల ఎన్కపక్క
రాసుకుంటడు.
"లుక్ ఒక్కటే రా, తోకలే వేరు.
లుక్ ఫర్, దేవులాడుడు.
లుక్ ఆఫ్టర్, అరుసుకునుడు.
లుక్ అవుట్ అంటే చూసుడు గాదు,
పక్కకు దుంకుడు. పైకెల్లి క్లాంపు పడ్తుంది."

"మనది తక్కువనా," అన్న.
"ఏజెంటు ముందుగాల చెయ్యి కలిపిండు,
తర్వాత చెయ్యి తడుపుమన్నడు,
బొంబాయిల చెయ్యిచ్చిండు.
చెయ్యి ఒక్కటే.
ఉంగరం ఊడదీసింది మాత్రం నా చెయ్యి."
రాజలింగు గదిగూడ రాసుకున్నడు.

ఆగస్టు. ఇంకో గంటయితే మధ్యాహ్నం బ్రేకు.
నేను ఐదో లిఫ్టు మీద పలకలు బిగిస్తున్న.
కిందికెల్లి రోడెల్ కేకేసిండు:
'యువర్ ఫ్రెండ్! పాసౌట్!'
"ఎస్ సార్," అన్న గర్వంగ,
"టెన్త్. రుద్రంగి బడిల. సెకండ్ క్లాస్."
రోడెల్ నన్ను చూసిన చూపు
ఏ కూపన్ల లేదు.

క్లినిక్కుల చంకల కింద ఐసు సంచులు.
బూట్లిప్పిన కాళ్లు తెల్లగ, ఎవలియో అన్నట్టు.
కేరళ సిస్టర్ నిమ్మలంగ చెప్పింది.
అవుట్ అంటే లేస్తడు.
అవే అంటే
ఆమె ఆగింది. నాకర్థమైంది.

సెలైన్ బొట్టుబొట్టు దిగుతున్నంత సేపు
అదే అడిగిన.
"సిస్టర్, అవుటా? అవేనా?"
"అవుట్. అవుట్."
చిన్నప్పుడు అంపైరు ఆ మాటంటే
బ్యాటు ఇసిరి కొట్టినోణ్ణి,
గోడకొరిగి
రెండు చేతులెత్తి మొక్కిన.

పొద్దుగూకినంక రోడెల్ వచ్చిండు,
మంచం పట్టీ మీద చెయ్యేసి
'హీ కేమ్ రౌండ్' అన్నడు, ఊపిరిడిసి.
రాజలింగు పెదవులు పలిగున్నయి.
నన్ను దగ్గరికి రమ్మన్నడు.
"రౌండంటున్నడు.
ఎక్కడెక్కడ తిరిగొచ్చిన్నో
గా సార్నడుగురా."