నీళ్ళకెల్లేను

కవిటి ఆసుపత్రిలో ఆరో నంబరు మంచం.
మంగళవారం, రాత్రి షిఫ్టు.
నా ఎడం చేతిలోంచి నెత్తురు మిషనులోకెళ్ళి
ఒళ్ళు కడుక్కుని మళ్ళీ నా చేతిలోకే వస్తోంది.
ఇంకా గంటా పది నిమిషాలుంది.

ముందు ఊగింది సీసా.
స్టాండుకి వేలాడే సెలైను సీసా,
ఎవరో మునివేలితో మీటినట్టు.
ఫ్యాను ఆపే ఉంది. కిటికీ మూసే ఉంది.
తరవాత మంచం కిందనుంచి లారీ వెళ్ళినట్టయింది.
హైవే ఇక్కడికి దూరం.

ముప్పై ఏళ్ళు కొబ్బరి చెట్లెక్కినవాణ్ణి,
ఊగడం నాకు కొత్తేంటి?
మట్టల్లో కూర్చుని గాలికి ఇటూ అటూ పోతూ
బీడీ కాల్చుకున్న రోజులున్నాయి.
పైన ఎంత ఊగినా మొదలు కదలదన్న నమ్మకం మీదే కదా
తాడు కట్టుకుని ఎక్కేది.
తిత్లీ వచ్చిన రాత్రి ఆ మొదళ్ళే లేచిపోయాయి.
తెల్లారి చూస్తే తోటంతా ఒకే వైపు తలపెట్టి పడుకుంది.
అప్పుడు కూడా నేలని నేనేమీ అనలేదు.
గాలిని తిట్టాను.
ఇవాళ నేలే.

"భూకంపం! బయటకి రండర్రా!"
ఎవరు అరిచారో తెలీదు.
పరిగెత్తగలిగినవాళ్ళంతా పరిగెత్తారు.
ఒక క్యారేజీ దొర్లింది. ఒక చంటిపిల్ల ఏడుపు
వరండా దాటి, మెట్లు దిగి, సన్నబడింది.
మిగిలింది మేం ఎనిమిది మందిమి,
గొట్టాలతో కట్టేసి.
పలుపైతే తెంచుకోవచ్చు.
ఇది తెంపితే నెత్తురు.

పక్క మంచం కూర్మయ్య బావ కళ్ళు తెరవకుండానే
"శ్రీకూర్మంలో సామి ఈపు గోక్కున్నాడ్రా," అన్నాడు.
"మనకి ముందే పోయినాయి రెండూ.
ఇంకేటి పడిపోతాది?"
ఎవరో నవ్వారు. నేనే అనుకుంటా.

టెక్నీషియను గుంట, మందస పిల్ల హైమ,
పెళ్ళి కుదిరి నెల కాలేదు,
రెండు మంచాల మధ్య నిలబడిపోయింది.
ఒక చెయ్యి నా మిషను మీద,
ఒక చెయ్యి బావ మిషను మీద.
"ఆపీమంటారా?" అని మమ్మల్నే అడిగింది.
మాకేం తెలుసు.

అప్పుడు చూశాను.
నా పక్కన స్టూలు ఖాళీ.
లోలాక్షి లేదు.
స్టూలు కింద ఒక చెప్పు బోర్లా పడి ఉంది,
రెండోది గుమ్మం దగ్గర.

గుమ్మానికి పదకొండు అడుగులు.
మూడేళ్ళుగా, వారానికి మూడుసార్లు,
దాని భుజం పట్టుకుని నేను లెక్కపెట్టినవే.
నాతో నడిస్తే పదకొండు.
ఒక్కత్తీ పరిగెడితే ఎన్నో మరి.

కోపం రాలేదు. నిజం.
దాని కాళ్ళు దానికింకా ఉన్నాయని
ఎందుకో గుండె నిండింది.
ఇద్దరం పోతే బడికెళ్ళే గుంటడికి
అన్నమెవరు వండుతారు?
పోనీ, వెళ్ళనీ అనుకున్నాను.
అనుకుంటూనే
గుమ్మం వైపు చూస్తున్నాను.

మూడు సెకన్లని మర్నాడు పేపర్లో రాశారు.
నష్టమేమీ లేదని కూడా.
జీడిపిక్కల ధర పక్కన, రెండు వాక్యాలు.
నష్టం సంగతి నేనెరగను గానీ
మూడు సెకన్లంటే మాత్రం ఒప్పుకోను.

సీసా ఆగింది.
బయట ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుంటున్నారు.
తరవాత ఒక్కొక్కరే లోపలికొచ్చారు,
ముఖాలు దించుకుని, కుచ్చిళ్ళు సర్దుకుంటూ,
పెళ్ళిలో పిలవకుండానే
ముందు బంతికి కూర్చున్నవాళ్ళలా.

లోలాక్షి ఆఖర్న వచ్చింది, వట్టికాళ్ళతో.
చేతిలో స్టీలు గ్లాసు.
"నీళ్ళకెల్లేను," అంది.

రోజుకి అర లీటరు నాకు.
ఆ రోజు వంతు మధ్యాహ్నమే అయిపోయింది.
దానికీ తెలుసు. హైమకీ తెలుసు.
"అవునే, దాహంగా ఉంది," అన్నాను.
హైమ అటు తిరిగి
గోడ మీద లేని పగులు వెతుక్కుంది.

కుడి చెయ్యి చాపాను.
నేల ఆగి చాలాసేపయింది.
గ్లాసులో నీళ్ళు
ఇంకా అంచుకి కొట్టుకుంటున్నాయి.